పదిమంది కోసం ఒక ఫార్మాట్: ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎగుమతి నిర్ణయాల చరిత్ర

ఇంతకుముందు పాఠంలో సోర్స్ కోడ్‌ను అందరికీ ఇచ్చే పద్ధతి ఎలా పుట్టిందో, దాని చుట్టూ లైసెన్సులు ఎలా ఏర్పడ్డాయో చదివారు. ఈ పాఠంలో పైకి చాలా చిన్నదిగా కనిపించే ఒక ప్రశ్నను తీసుకుంటున్నాం. ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు ఎవరో కొంత కోడ్ రాసి పంపుతారు. "మీ సాఫ్ట్‌వేర్‌లో తయారైన పత్రాన్ని ఫలానా ఫార్మాట్‌లోకి మార్చే భాగం ఇది. ఉచితంగా ఇస్తున్నాను, చేర్చుకోండి" అంటారు. ఆ ఫార్మాట్‌ను వాడేవారు ప్రపంచం మొత్తమ్మీద ఏ కొద్దిమందో ఉంటారు. చేర్చుకోవాలా, వద్దా?

ఊరికే వచ్చినదాన్ని కాదనడం ఎందుకని మీకు అనిపించవచ్చు. మొదట్లో చాలా ప్రాజెక్టులకూ అలాగే అనిపించింది. వచ్చినవన్నీ చేర్చుకొని, పదేళ్ళ తర్వాత మోయలేక ఒక్కొక్కటే దించుకున్నవి ఉన్నాయి. దించుకునేటప్పుడు ఎవరి పత్రాలు మూతపడతాయో చూసుకోకుండా, తర్వాత నాలుక కరుచుకున్నవీ ఉన్నాయి. కాబట్టి ఈ చరిత్రను సాంకేతిక వివరాల జాబితాగా చదవకండి. బరువు ఎవరు మోయాలి, నష్టం ఎవరికి జరగాలి అనే ప్రశ్నకు నలభై ఏళ్ళలో వచ్చిన జవాబులుగా చదవండి.

1. సేవ్ చేయడం, ఎగుమతి చేయడం

ముందుగా మాటలను స్పష్టం చేసుకుందాం. దాదాపు ప్రతి పెద్ద సాఫ్ట్‌వేర్‌కూ తన సొంత ఫైల్ ఫార్మాట్ ఒకటి ఉంటుంది. మీరు చేసిన పని మొత్తం చెక్కుచెదరకుండా నిలిచేది అందులోనే. అలా దాచుకోవడాన్ని సేవ్ చేయడం అంటాం. అదే పనిని వేరే సాఫ్ట్‌వేర్‌కో, ప్రెస్సుకో, ఈ-బుక్ చదివే పరికరానికో అర్థమయ్యే రూపంలో రాసి ఇవ్వడం ఎగుమతి. వేరేవాళ్ళ ఫైల్‌ను చదివి లోపలికి తెచ్చుకోవడం దిగుమతి. ధాన్యం ఒక ఊరినుంచి ఇంకో ఊరికి చేరేసరికి ఎంతో కొంత తరుగు పోయినట్టే, ఎగుమతిలోనూ కొంత పోతుంది. అవతలి ఫార్మాట్‌లో చోటు లేనిదల్లా ఇవతలే ఉండిపోతుంది.

బొమ్మలు దిద్దే గింప్ సాఫ్ట్‌వేర్ 2012లో తన 2.8 వెర్షన్‌తో ఈ రెండు పనులనూ మెనూలోనే విడదీసింది. సేవ్ అంటే సొంత ఫార్మాట్ మాత్రమే. జేపెగ్, పీఎన్‌జీ వంటివన్నీ ఎగుమతి కిందికి వెళ్ళాయి. అంతవరకు ఒకే మీటతో అన్నీ చేసుకుంటూ వచ్చిన వాడుకరులు చాలామంది మండిపడ్డారు. కానీ పొరలన్నీ ఉన్న బొమ్మను జేపెగ్‌గా సేవ్ చేసి, పొరలు పోయాక లబోదిబోమన్నవారిని చూసినవాళ్ళకు ఆ మార్పు ఎందుకో తెలుసు.

ఎగుమతిలో పొరపాటు జరిగితే అసలు పత్రం మన దగ్గరే భద్రంగా ఉంటుంది. దిగుమతి దారి మూసుకుపోతే అసలు పత్రమే చేతికి అందదు. ఈ తేడాను గుర్తుంచుకోండి. పాఠం చివరిదాకా దీనితో అవసరం పడుతుంది.

2. మధ్యలో ఒక ఫార్మాట్

ఓపెన్ సోర్స్ అనే పేరు పుట్టకముందే ఈ సమస్య పుట్టింది. 1970లలో బెల్ ల్యాబ్స్‌లో జోసెఫ్ ఒసానా ట్రాఫ్ అనే అక్షరకూర్పు ప్రోగ్రామ్ రాశాడు. అది వారి దగ్గరున్న ఒకే ఒక్క ఫొటో టైప్‌సెట్టింగ్ యంత్రం కోసం రాసింది. ఆ యంత్రం లక్షణాలన్నీ ప్రోగ్రామ్ ఒంట్లో అల్లుకుపోయాయి. 1977లో ఒసానా మరణించాడు. కొత్త యంత్రాలు వస్తున్నాయి, ప్రోగ్రామ్ మాత్రం పాత యంత్రానికి కట్టుబడి ఉంది. 1979 ప్రాంతంలో బ్రయన్ కెర్నిహాన్ దాన్ని చేతిలోకి తీసుకొని, ట్రాఫ్ ఏ యంత్రానికీ నేరుగా రాయకుండా మధ్యస్థంగా ఒక సాధారణ భాషలో ఫలితం ఇచ్చేలా మార్చాడు. ఏ యంత్రానికి కావలసిన అనువాదకుణ్ణి ఆ యంత్రం ఉన్నవారే విడిగా రాసుకుంటారు.

అదే కాలంలో డొనాల్డ్ నూత్ టెక్ కూడా ఇదే దారి పట్టింది. 1979లో డేవిడ్ ఫుక్స్ రూపొందించిన డీవీఐ ఫార్మాట్‌కు ఏ పరికరానికీ కట్టుబడనిది అని పేరులోనే అర్థం ఉంది. టెక్ చేసే పని డీవీఐతో ఆగిపోతుంది. ఆ తర్వాత ప్రింటర్‌కు చేర్చేది డ్రైవర్ అనే వేరే ప్రోగ్రామ్. ప్రపంచంలో ఎక్కడో ఒక విశ్వవిద్యాలయంలో వింత ప్రింటర్ ఒకటి ఉంటే దాని డ్రైవర్ అక్కడే పుట్టేది. టెక్ అసలు కోడ్‌ను ఎవరూ ముట్టుకోనక్కరలేదు.

ఈ ఆలోచన లెక్కల్లో ఎంత బలమైనదో చూపడానికి బొమ్మల ఫార్మాట్ల ఉదాహరణ బాగుంటుంది. పది ఫార్మాట్లు ఉన్నాయనుకోండి. ఒక్కోదాన్నీ మిగతా తొమ్మిదిలోకి మార్చాలంటే 90 మార్పిడి ప్రోగ్రాములు కావాలి. మధ్యలో ఒక సాధారణ ఫార్మాట్ పెట్టుకుంటే, దానిలోకి మార్చేవి పది, దానినుంచి మార్చేవి పది, మొత్తం 20 చాలు. పదకొండో ఫార్మాట్ వస్తే మొదటి పద్ధతిలో ఇంకో 20 రాయాలి, రెండో పద్ధతిలో రెండు రాస్తే సరిపోతుంది. జెఫ్ పోస్కాంజర్ 1988లో విడుదల చేసిన పీబీఎంప్లస్ సరిగ్గా ఇదే. అతి సాదా బొమ్మ ఫార్మాట్ ఒకటి, దాని చుట్టూ డజన్లకొద్దీ చిన్న ప్రోగ్రాములు. ఎప్సన్ ప్రింటర్‌కు పంపేది ఒకటి, మ్యాక్‌పెయింట్‌కు మార్చేది ఒకటి, అటారీ కంప్యూటర్ బొమ్మలను చదివేది మరొకటి.

ఇక్కడ అరుదైన ఫార్మాట్‌ను చేర్చుకోవడానికి ఎవరూ పెద్దగా ఆలోచించవలసిన పని లేకపోయింది. అటారీ ప్రోగ్రామ్‌లో తప్పు ఉంటే అటారీ ఉన్నవారికే నష్టం. దాన్ని ఎవరూ దిద్దకపోయినా మిగతావి నడుస్తాయి. అరుదైన ఫార్మాట్‌ను చేర్చుకోవడం ఎంత భారమనేది ఆ ఫార్మాట్‌ను బట్టికాక, సాఫ్ట్‌వేర్ గోడలు ఎక్కడున్నాయనే దాన్ని బట్టి తేలుతుందని అర్థం. ఒకే కప్పు కింద అందరూ ఉండే ఇంట్లో కథ వేరు. దాన్ని ఇప్పుడు చూద్దాం.

3. ఉదారంగా చేర్చడం, కష్టంగా తీసేయడం

జర్మనీలోని లూనెబర్గ్‌లో మార్కో బోరీస్ 1985లో స్థాపించిన స్టార్ డివిజన్ సంస్థ స్టార్‌ఆఫీస్‌ను తయారుచేసింది. 1999లో దాన్ని సన్ మైక్రోసిస్టమ్స్ కొన్నది. 2000 అక్టోబరు 13న దాని సోర్స్ కోడ్‌ను బయటపెట్టడంతో ఓపెన్‌ఆఫీస్.ఆర్గ్ మొదలైంది. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ రాజ్యమేలుతున్న రోజులవి. కొత్తగా వచ్చినవాడు నిలబడాలంటే అందరి భాషా మాట్లాడాలి. అందుకే 2003లో వచ్చిన 1.1 వెర్షన్‌లో ఎగుమతుల వరద కనిపిస్తుంది. ఒక్క మీట నొక్కితే పీడీఎఫ్, ప్రదర్శనలను ఫ్లాష్‌గా మార్చే సదుపాయం, సాంకేతిక పుస్తకాలు రాసేవారికి డాక్‌బుక్, అరచేతిలో పట్టే పామ్ పరికరాలకు అపోర్టిస్‌డాక్, విండోస్ చేతి పరికరాలకు పాకెట్ వర్డ్ అన్నీ అందులో వచ్చాయి.

వీటిలో పీడీఎఫ్ ఎంత గొప్ప నిర్ణయమో ఈనాటికీ తెలుస్తూనే ఉంది. ఆ రోజుల్లో పీడీఎఫ్ తయారుచేయడానికి చాలామంది విడిగా డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనేవారు. మిగతావాటి గతి వేరు. 2010 వచ్చేసరికి పామ్ పరికరాలు చేతుల్లోంచి జారిపోయాయి. ఫ్లాష్‌కు దాన్ని తయారుచేసిన సంస్థే 2020 డిసెంబరు 31న మంగళం పాడింది. ఆ ఎగుమతినీ లిబ్రేఆఫీస్ 2020లోనే తీసేసింది. 2003లో నిర్ణయం తీసుకున్నవారిని ఇందుకు తప్పుపట్టలేం. ఆ ఏడాది చూస్తే పామ్ పరికరం భవిష్యత్తులాగే కనిపించింది. మనం నేర్చుకోవలసింది ఇంకొకటి ఉంది. పరికరాలు పోయినంత త్వరగా కోడ్ పోదు. ఎవరో ఒకరు దాన్ని ప్రతి వెర్షన్‌లోనూ కంపైల్ చేస్తూ, అనువదిస్తూ, అది పనిచేస్తోందో లేదో తెలియకుండానే మోస్తూ ఉండాలి. పరీక్షించడానికి పామ్ పరికరం ఉన్న ప్రోగ్రామర్ ఎక్కడ దొరుకుతాడు?

2010 సెప్టెంబరు 28న ది డాక్యుమెంట్ ఫౌండేషన్ ఏర్పడి, ఓపెన్‌ఆఫీస్ కోడ్ నుంచి లిబ్రేఆఫీస్ విడిపోయింది. వారసత్వంగా వచ్చిన కోడ్‌ను శుభ్రం చేయడం వారి తొలి పనుల్లో ఒకటి. ఇల్లు మారేటప్పుడు అటక మీది సామాను దించి, ఏది ఉంచాలి, ఏది పారేయాలి అని చూసినట్టు చూశారు. 2013 ఫిబ్రవరిలో వచ్చిన 4.0 వెర్షన్‌లో రెండు కోతలు పడ్డాయి. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి పరిశీలించడం విద్యార్థులకు చాలా ఉపయోగకరం.

మొదటిది, 1995 నాటి వర్డ్, ఎక్సెల్ ఫార్మాట్లలోకి ఎగుమతి చేసే సదుపాయాన్ని తీసేశారు. ఆ పాత ఫైళ్ళను చదివే సదుపాయాన్ని మాత్రం ఉంచారు. 2013లో కూర్చుని కొత్త పత్రాన్ని 1995 నాటి రూపంలో రాయవలసిన అవసరం ఎవరికి ఉంటుంది? ఎవరికైనా ఉన్నా, 1997 తర్వాతి వర్డ్ ఫార్మాట్‌లో రాసి ఇస్తే పని జరిగిపోతుంది. ఈ కోతలో ఏ పత్రమూ మూతపడలేదు.

రెండోది, స్టార్‌ఆఫీస్ సొంత పాత బైనరీ ఫార్మాట్లను చూసుకునే భాగం. దాన్ని ప్రోగ్రామర్లు బిన్‌ఫిల్టర్ అని పిలిచేవారు. ఓపెన్‌ఆఫీస్ కొత్త ఎక్స్ఎంఎల్ ఫార్మాట్‌కు మారాక, పాత ఫైళ్ళు చదవడం కోసం పాత ఆఫీస్ కోడ్‌లో పెద్ద భాగాన్ని అలాగే కాపీ చేసి పక్కన పెట్టారు. అంటే ఒక ఇంట్లో ఇంకో పాత ఇల్లు కట్టి ఉన్నట్టు. ప్రధాన కోడ్‌లో ఏ మార్పు చేసినా ఆ పాత ఇంటికి కూడా మరమ్మతు చేయాలి. ప్రోగ్రామర్లు దాన్ని మొత్తంగా తీసేశారు. ఈసారి ఎగుమతితోపాటు దిగుమతి కూడా పోయింది. 1990లలో స్టార్‌రైటర్‌లో ఉత్తరాలు, లెక్కలు, పుస్తకాలు రాసుకున్నవారు వాటిని తెరవాలంటే పాత 3.6 వెర్షన్‌ను వెతికి పెట్టుకోవలసి వచ్చింది.

ప్రోగ్రామర్ల వైపునుంచి చూస్తే ఈ నిర్ణయంలో న్యాయం ఉంది. కొద్దిమంది స్వచ్ఛందంగా పనిచేసే చోట ఆ బరువు మోయడం నిజంగానే కష్టం. అయినా మా దృష్టిలో రెండు కోతలూ ఒక తరహావి కావు. మొదటిదానివల్ల పోయింది ఒక వెసులుబాటు. రెండోదానివల్ల కొందరి పాత పత్రాలకు తాళం పడింది. పైగా అది ఎవరో పరాయి సంస్థ ఫార్మాట్ కూడా కాదు, ఈ సాఫ్ట్‌వేర్ పుట్టింటి ఫార్మాటే. సొంత ఫార్మాట్‌లో దాచిన పత్రం ఎప్పటికీ తెరుచుకుంటుందని చెప్పడమే ఓపెన్ సోర్స్ ఆఫీస్ ప్రచారంలో ముఖ్యమైన మాట అన్నది మరిచిపోకూడదు.

ఆ తాళం తర్వాత తెరుచుకుంది. 2014 ఏప్రిల్ 2న ది డాక్యుమెంట్ ఫౌండేషన్ డాక్యుమెంట్ లిబరేషన్ ప్రాజెక్టును ప్రకటించింది. మూతపడిన, మరుగునపడిన ఫార్మాట్లను చదివే చిన్న చిన్న లైబ్రరీలను తయారుచేయడం దాని పని. వర్డ్‌పర్ఫెక్ట్‌కు ఒకటి, కోరెల్‌డ్రాకు ఒకటి, విజియోకు ఒకటి, పాత మ్యాకింటోష్ ఫైళ్ళకు ఒకటి. ఆ వరసలోనే లిబ్‌స్టార్‌ఆఫీస్ వచ్చింది. 2016 తర్వాతి లిబ్రేఆఫీస్ వెర్షన్లలో పాత స్టార్‌ఆఫీస్ ఫైళ్ళు మళ్ళీ తెరుచుకున్నాయి. ఈసారి ఇంట్లో ఇల్లు లేదు. ఫైల్‌ను చదివి మధ్యస్థ రూపంలో అందించే ఒక చిన్న గది మాత్రమే ఉంది. అది ప్రధాన కోడ్‌కు బయట ఉంది, కావాలంటే ఇతర ప్రాజెక్టులు కూడా వాడుకోవచ్చు. పీబీఎంప్లస్ పాఠాన్ని ఆఫీస్ సాఫ్ట్‌వేర్ పాతికేళ్ళ తర్వాత మళ్ళీ నేర్చుకుందన్నమాట.

ఈపబ్ కథ దీనికి ఎదురు దిశలో నడిచింది. లిబ్రేఆఫీస్ రైటర్ నుంచి ఈ-బుక్ తయారుచేయాలనుకునేవారు చాలా ఏళ్ళు రైటర్2ఈపబ్ వంటి ఎక్స్‌టెన్షన్లతో సరిపెట్టుకున్నారు. 2018 జనవరిలో వచ్చిన 6.0 వెర్షన్‌లో ఈపబ్ ఎగుమతి ప్రధాన సాఫ్ట్‌వేర్‌లోకే వచ్చింది. దానికి వాడింది కొత్తగా రాసిన వేరే లైబ్రరీ. ఎక్స్‌టెన్షన్ కోడ్ లోపలికి రాకపోయినా, ఇన్నేళ్ళలో జనం దాన్ని వెతికి మరీ పెట్టుకున్నారంటే ఆ అవసరం నిజమేనని తేలిపోయింది. అరుదైన ఫార్మాట్ కొన్నాళ్ళు వాకిట్లో ఉండి, బలం పుంజుకున్నాక లోపలికి రావడం ఆరోగ్యకరమైన పద్ధతి.

ఆలోచించండి: మీ ఇంట్లోనో, కార్యాలయంలోనో పదేళ్ళ కిందటి ఫైళ్ళు ఏ ఫార్మాట్‌లో ఉన్నాయో ఒకసారి చూడండి. వాటిలో ఈరోజు తెరుచుకోనివి ఏవి? అవి తెరుచుకోకపోవడానికి కారణం ఎగుమతి లేకపోవడమా, దిగుమతి లేకపోవడమా?

4. తత్త్వశాస్త్ర ఆచార్యుడి యంత్రం

జాన్ మెక్‌ఫార్లేన్ బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం బోధించే ఆచార్యుడు. 2006లో ఆయన హాస్కెల్ భాషలో పాండాక్ అనే మార్పిడి ప్రోగ్రామ్ రాసి విడుదల చేశాడు. మొదట్లో మార్క్‌డౌన్, హెచ్‌టీఎంఎల్, లేటెక్స్ వంటి కొద్ది ఫార్మాట్లే అందులో ఉండేవి. ఇప్పుడు దాని ఎగుమతి జాబితా చూస్తే వేరే ఎక్కడా కనిపించని పేర్లు ఎదురవుతాయి. రష్యాలో పుట్టిన ఫిక్షన్‌బుక్ అనే ఈ-బుక్ ఫార్మాట్, ఇన్‌డిజైన్ కోసం ఐసీఎంఎల్, డోకువికీ, జిమ్‌వికీ, జిరా, హాస్కెల్ ప్రోగ్రామర్లు తమ కోడ్ వివరణకు వాడే హ్యాడాక్ అన్నీ అందులో ఉన్నాయి. అరుదైన ఫార్మాట్లను ఇంత ఉదారంగా చేర్చుకొని కూడా కుప్పకూలకుండా నిలబడిన ప్రాజెక్టులు తక్కువ.

దీనికి కారణం నిర్మాణంలో ఉంది. పాండాక్‌లో రీడర్లు, రైటర్లు అని రెండు రకాల భాగాలుంటాయి. రీడర్ ఏ ఫార్మాట్‌నైనా చదివి పత్రానికి ఒక అంతర్గత నమూనా తయారుచేస్తుంది. అందులో శీర్షిక, పేరా, జాబితా, పట్టిక, లింకు, వక్కాణింపు వంటి మూలకాలుంటాయి. రైటర్ ఆ నమూనాను చూసి తన ఫార్మాట్‌లో రాస్తుంది. రైటర్‌కు మూలం ఏ ఫార్మాట్‌లో ఉండేదో తెలియనక్కరలేదు. జిరా రైటర్ రాసినవారికి లేటెక్స్ ఒక్క ముక్క తెలియకపోయినా ఇబ్బంది లేదు.

అయితే ఈ నిర్మాణంలోనూ ఖర్చు ఎక్కడో ఒకచోట దాక్కుని ఉంటుంది. అది ఫార్మాట్‌ను చేర్చిన రోజున బయటపడదు, నమూనా మారిన రోజున బయటపడుతుంది. 2020లో వచ్చిన 2.10 వెర్షన్‌లో పాండాక్ తన పట్టికల నమూనాను మార్చింది. అంతవరకు ఒక గడి రెండు నిలువు వరసల మీదుగా పరుచుకోవడం నమూనాలోనే లేదు. కొత్త నమూనాలో దానికి చోటు దొరికింది. అదే వెర్షన్‌లో కింది గీతకు ప్రత్యేక మూలకం వచ్చింది. 2023 జనవరిలో 3.0 వెర్షన్‌తో బొమ్మలకు వివరణతో కూడిన మూలకం వచ్చింది. ఇలాంటి మార్పు జరిగిన ప్రతిసారీ జాబితాలో ఉన్న రైటర్లన్నింటినీ తిరగరాయాలి. కొత్త పట్టికలను పూర్తిగా అర్థంచేసుకోవడానికి కొన్ని రైటర్లకు చాలా కాలం పట్టింది. ఒక ఫార్మాట్‌ను చేర్చినవారు ఆనాటికి ఉద్యోగం మారి ఉండవచ్చు, ఆ ఫార్మాట్‌నే వదిలేసి ఉండవచ్చు. అప్పుడు ఆ పని అసలు ప్రాజెక్టు నడిపేవారి నెత్తిన పడుతుంది. పెళ్ళికి వచ్చిన కానుకలో ఆవు ఉంటే, అది ఇచ్చినవారు వెళ్ళిపోయాక గడ్డి ఎవరు వేయాలన్న ప్రశ్న లాంటిదే ఇది.

దీనికి పాండాక్ కనుగొన్న దారి 2010 దశకంలో వచ్చిన లువా రైటర్లు. లువా ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష. ఎవరికి కావలసిన ఎగుమతిని వారు లువాలో ఒక ఫైల్‌గా రాసుకొని, పాండాక్‌ను నడిపేటప్పుడు దాన్ని చూపిస్తే చాలు. ప్రధాన కోడ్‌లో చేర్చమని అడగనక్కరలేదు, కంపైల్ చేయనక్కరలేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు. తర్వాత రీడర్లకు కూడా ఇదే సదుపాయం వచ్చింది. దీనితో ప్రాజెక్టు నడిపేవారు ఇచ్చే జవాబు తీరు మారిపోయింది. ఇంతకుముందు "కాదు" అంటే ఆ వాడుకరికి దారి మూసేయడమే. ఇప్పుడు "ఇక్కడ కాదు, అక్కడ" అని చెప్పే వీలు దొరికింది. అడిగినవాడి మనసు నొచ్చుకోకుండా నిరాకరించగల నిర్మాణం ఓపెన్ సోర్స్‌లో చిన్న విషయం కాదు. అక్కడ చాలామందికి జీతాలుండవు, చాలావరకు మాట మంచితనంతోనే పని నడుస్తుంది.

కొన్నిసార్లు చేర్చకపోవడానికి కారణం బరువు కాకుండా చట్టం అవుతుంది. ధ్వనిని దిద్దే ఆడాసిటీలో ఎంపీ3 ఎగుమతికి లేమ్ అనే లైబ్రరీని వాడుకరులే విడిగా దించుకొని పెట్టుకోవలసి వచ్చేది. ఎంపీ3 అరుదైన ఫార్మాటేమీ కాదు, దాని మీద పేటెంట్లు ఉండేవి. 2017లో వాటి లైసెన్సు వ్యవహారం ముగిసింది. 2019లో వచ్చిన వెర్షన్ నుంచి లేమ్ ఆడాసిటీతోనే వస్తోంది.

5. కొలాడా నిష్క్రమణ

త్రీడీ బొమ్మలు తయారుచేసే బ్లెండర్‌లో ఇటీవల జరిగిన ఒక తొలగింపును కూడా చూద్దాం. వేర్వేరు త్రీడీ సాఫ్ట్‌వేర్ల మధ్య నమూనాలు మార్చుకోవడానికి సోనీ కంప్యూటర్ ఎంటర్‌టైన్‌మెంట్‌లో పుట్టిన ఫార్మాట్ కొలాడా. తర్వాత అది క్రోనోస్ గ్రూప్ చేతికి వచ్చింది. 2010 ప్రాంతంలో బ్లెండర్ 2.5 వరసలో దానికి చోటు దొరికింది. అందుకు బ్లెండర్ ఓపెన్‌కొలాడా అనే బయటి లైబ్రరీ మీద ఆధారపడింది. సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ లోకంలోకి తమ నమూనాలను పంపుకొనేవారికి కొలాడా ప్రాణాధారంగా ఉండేది.

కాలక్రమంలో అదే క్రోనోస్ గ్రూప్ తెచ్చిన జీఎల్‌టీఎఫ్ వెబ్‌లోనూ ఆటల్లోనూ స్థిరపడింది. 2017లో దాని 2.0 వెర్షన్ వచ్చింది, 2019లో బ్లెండర్ 2.80తో పాటే జీఎల్‌టీఎఫ్ ఎగుమతి అందింది. ఓపెన్‌కొలాడాను పట్టించుకునేవారు కరువయ్యారు. బ్లెండర్ నిర్వాహకులు కొలాడాను ముందుగా పాతబడినదని ప్రకటించి, 2025 నవంబరులో వచ్చిన 5.0 వెర్షన్‌లో తీసేశారు. అవసరమైనవారు దీర్ఘకాల మద్దతు ఉన్న 4.5 వెర్షన్‌లో పాత ఫైళ్ళు తెరిచి వేరే ఫార్మాట్‌లోకి మార్చుకోవచ్చు.

స్టార్‌ఆఫీస్ తొలగింపుతో దీన్ని పోల్చి చూడండి. ముందుగా చెప్పారు, వ్యవధి ఇచ్చారు, ప్రత్యామ్నాయం అప్పటికే నిలదొక్కుకుంది. అయినా ఒక వెలితి మిగిలింది. ఎగుమతితోపాటు దిగుమతినీ తీసేయడం వల్ల పాత కొలాడా ఫైళ్ళు ఉన్నవారు పాత వెర్షన్‌ను దాచుకోవాలి. 2024లో 4.2 వెర్షన్‌తో బ్లెండర్ ఎక్స్‌టెన్షన్ల వేదికను ప్రారంభించి, అంతకుముందు లోపలే ఉన్న చాలా యాడ్-ఆన్లను అక్కడికి తరలించింది. అరుదైన ఫార్మాట్లకు అదొక వాకిలి. కొలాడా వంటి వాటికి ఆ వాకిట్లో నిలబడాలన్నా ఎవరో ఒకరు పూనుకోవాలి.

6. తెలుగు అక్షరాల దగ్గర

ఈ చర్చ తెలుగు చదివేవారికి అంత దూరంది కాదు. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి వెర్షన్‌లోనే తెలుగుకు చోటుంది. కానీ మన పత్రికలు, ప్రచురణకర్తలు చాలాకాలం తమ తమ ఫాంట్లనే వాడారు. ఒక్కో ఫాంటుకు ఒక్కో లెక్క. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షర ఖండాలను కూర్చేవారు. తలకట్టు ఒకచోట, వత్తు ఒకచోట, గుడి ఇంకోచోట. ఒక పత్రిక వెబ్‌సైటు చదవాలంటే ఆ పత్రిక ఫాంటు మీ కంప్యూటర్‌లో ఉండాలి. అది లేకపోతే తెర నిండా అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు.

ఈ సమస్యకు పరిష్కారంగా వచ్చిన ఓపెన్ సోర్స్ సాధనం పద్మ. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు ఎక్స్‌టెన్షన్‌గా పనిచేస్తూ, ఈనాడు, వార్త వంటి పత్రికల ఫాంట్లలో ఉన్న వచనాన్ని అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చి చూపేది. ఇప్పుడు మనం చదివిన భాషలో చెప్పాలంటే పద్మ ఒక రీడర్ల సమాహారం. ఒక్కో ఫాంటుకు ఒక్కో పట్టిక, మధ్యలో తెలుగు అక్షరాల అంతర్గత నమూనా, చివర యూనికోడ్. ఇదంతా బ్రౌజర్‌లోనే చేర్చమని మోజిల్లాను అడిగి ఉంటే ఏమయ్యేదో ఊహించవచ్చు. ఒక భాషకు చెందిన కొన్ని పత్రికల సొంత ఫాంట్ల కోసం ప్రపంచమంతా వాడే బ్రౌజర్ కోడ్‌ను ఎవరు మారుస్తారు? ఎక్స్‌టెన్షన్లకు వాకిలి ఉండబట్టి అడగకుండానే పని జరిగింది. ఆ వాకిలి లేని సాఫ్ట్‌వేర్లలో తెలుగువారు ఎదురుచూస్తూనే ఉండిపోయారు.

ఎదురు దిశలో ఇంకో అవసరం ఉంది. రచయితలు యూనికోడ్‌లో టైపు చేస్తారు. ప్రెస్సువారు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పుటలు కడతారు. మధ్యలో యూనికోడ్‌నుంచి అనులోకి మార్చే పని ఒకటి పడుతుంది. ఇది అచ్చమైన అరుదైన ఎగుమతి. లిబ్రేఆఫీస్‌లో అను ఎగుమతి ఎందుకు లేదని విద్యార్థులకు సందేహం రావచ్చు. పాఠంలోని కొలబద్దతో చూడండి. అను అనేది ఫైల్ ఫార్మాట్ కాదు, అమ్మకానికి ఉన్న ఫాంట్ల లోపలి ఏర్పాటు. వెర్షన్‌ను బట్టి అది మారుతుంది. బెర్లిన్‌లో నమోదైన ఫౌండేషన్‌తో పనిచేసే ప్రోగ్రామర్‌కు క్షావత్తు సరిగా పడిందో లేదో చూసే కన్ను ఉండదు. కాబట్టి ఆ మార్పిడి విడిగా, దాన్ని వాడేవారి చేతిలోనే ఉండడం సబబు. అలాంటి మార్పిడి సాధనాలు తెలుగువారే తయారుచేసుకొని వాడుకుంటున్నారు.

కానీ అనునుంచి యూనికోడ్‌లోకి రావడం అంత తేలిగ్గా వదిలేయదగినది కాదు. దశాబ్దాలపాటు అచ్చయిన తెలుగు పుస్తకాలు ఎన్నో పేజ్‌మేకర్ ఫైళ్ళుగానే మిగిలాయి. రచయిత పోయి, ప్రచురణకర్త మూతపడి, అచ్చుప్రతులు అయిపోయాక మిగిలేది ఆ ఫైలే. అడోబీ పేజ్‌మేకర్ అభివృద్ధిని ఎప్పుడో ఆపేసింది. డాక్యుమెంట్ లిబరేషన్ ప్రాజెక్టు తయారుచేసిన లైబ్రరీల్లో లిబ్‌పేజ్‌మేకర్ కూడా ఉంది. 2015లో వచ్చిన లిబ్రేఆఫీస్ 4.4 నుంచి పేజ్‌మేకర్ ఫైళ్ళను తెరవవచ్చు. తెలుగు గురించి ఆలోచించి చేసిన పని కాదది. అయినా ఒక పాత తెలుగు పుస్తకం ఫైల్‌ను అందులో తెరిస్తే సగం దారి నడిచినట్టే. పుట తెరుచుకుంటుంది, వచనం బయటికి వస్తుంది, కాకపోతే అను ఫాంటు లేని కంప్యూటర్‌లో అది ఇంగ్లిషు అక్షరాలు, గుర్తుల గందరగోళంగానే కనిపిస్తుంది. మిగతా సగం దారి అక్షరాల పట్టికది. ఏ స్థానంలో ఏ వత్తు ఉందో, ఏ గుర్తు ఏ గుణింతమో కూర్చుని రాయాలి. దాన్ని తెలుగు చదవగలవాళ్ళే రాయాలి.